ఆ పిల్లకు చలేస్తోందని చెప్పాను

ఎనిమిది చలికాలాలుగా ఒక అబద్ధం నా మీద ఉంది. ఏళ్ళు గడిస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మావారికి చెప్పలేదు. పుట్టింట్లో చెప్పలేదు. గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నప్పుడు కూడా ఆ ఒక్క సంగతి పక్కన పెట్టి మిగతావన్నీ చెప్పుకున్నాను, దేవుడికి తెలియనట్టు. మీకెందుకు చెబుతున్నానంటే మీరు నన్ను చూడలేదు, చూడరు. ముఖం తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే మొదట చెప్పాల్సింది మీకు కాదు.

నా పేరు రాయను. మాది ఒడిశాలో గుణుపూర్ పక్క పల్లె. మా తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నారు. మావారిది రైల్వేలో సిగ్నళ్ళ పని. రాయగడ జిల్లాలో కొండ కింద ఒక చిన్న స్టేషన్ ఉంది. దాని పక్కనే మా క్వార్టర్, క్వార్టర్ వెనకే బుధవారం సంత. తెలుగు, ఒడియా, ఇక్కడి వాడుక భాష దేశియా ఎలాగూ వచ్చు. సంతలో విని విని కొండ మీది కోందుల మాట కూడా పట్టుబడింది. డిగ్రీ చదివాను గనక ఇంగ్లీషూ ఉంది. విశాఖపట్నం నుంచి విదేశీ యాత్రికులను తీసుకొచ్చే ఒకతను ఏడాదికి నాలుగైదుసార్లు నన్ను దుబాసీగా పిలిచేవాడు. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, మేడమ్‌కు ఇక్కడ తెలియనిది లేదు అనేవాడు. ఆ మాటంటే నాకు మహా ఇష్టం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, అప్పుడు మాత్రం ఆ మాట కోసమే వెళ్ళేదాన్ని.

ఆమెను ఇక్కడ సుక్రి అని పిలుస్తాను. అసలు పేరు కాదు. ఆమె కూతురికైతే మారుపేరు కూడా పెట్టను. ఆ పిల్లను ఒకసారి వాడుకున్నది చాలు.

సుక్రి ప్రతి బుధవారం కొండ దిగి వచ్చేది. పసుపు, అనాసకాయలు, కాలాన్ని బట్టి సీతాఫలాలు. అమ్ముడయ్యాక తిరిగి కొండెక్కే ముందు మా వరండాలో కూర్చుని మంచినీళ్ళు తాగేది. మొదట నీళ్ళు, తరవాత టీ, తరవాత కబుర్లు. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అప్పా అనేదాన్ని, ఆమె నన్ను అమ్మి అనేది. కూతురు వెంట వచ్చేది, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. నేను వాళ్ళ మాట తప్పుగా పలికితే ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. వాళ్ళమ్మ నాతో మాట్లాడినంతసేపూ వరండా మెట్టు మీద కూర్చుని శాలువా కుట్టేది.

ఆ శాలువాను కప్డాగండా అంటారు. ముతక తెల్ల గుడ్డ మీద ఎర్ర, పసుపు, ఆకుపచ్చ దారాలతో అంచు పొడవునా కొండలు కుడతారు, మూడు కోణాల కొండలు, వరసగా. పెళ్ళికాని పిల్లలు మనసైనవాడి కోసం కుడతారు, అన్నదమ్ములకూ ఇస్తారు. ఒక్కటి కుట్టడానికి నెలలు పడుతుంది. ఎవరికి కుడుతున్నావే అని అడిగితే ఆ పిల్ల చెప్పలేదు. మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ వానాకాలం జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది.

వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ బట్టలూ పూసలూ వాళ్ళతోనే పోవాలట. లేకపోతే వాళ్ళకు అక్కడ ఏమీ ఉండదట. సుక్రి అన్నీ ఇచ్చేసింది. శాలువా ఒక్కటి ఇవ్వలేకపోయింది. పసుపు గంపలో అడుగున దాచి ఆ మరుసటి బుధవారం మా ఇంటికి తెచ్చింది. ఇంట్లో ఉంచితే పెద్దలు ఊరుకోరు, పారేయడానికి చేతులు రావు, నీ దగ్గర ఉంచు, వచ్చినప్పుడల్లా చూసుకుంటాను అంది. మూడు అంచులు పూర్తయ్యాయి. నాలుగో అంచు సగంలో ఆగింది. ఆగినచోట సూది గుచ్చి ఉంది, ఎర్ర దారంతో సహా. పిల్ల చెయ్యి చివరిసారి తాకింది దాన్నే గనక సుక్రి ఆ సూదిని కదిలించనిచ్చేది కాదు.

పాత నూలు చీరలో చుట్టి మా బీరువాలో పెట్టాను. రెండేళ్ళు. ప్రతి బుధవారం తీసి ఆమె ఒళ్ళో పరిచేదాన్ని. వేలితో ఒక్కో కొండా తడుముకుంటూ చివరికి సూది దాకా వచ్చి ఆగేది. ఏడ్చేది కాదు. ఇక లోపల పెట్టు అమ్మి అని లేచి వెళ్ళిపోయేది. ఆ బీరువా తాళం నా దగ్గర ఉంది. అంతే, నా పాత్ర అంతే. తాళం దగ్గర పెట్టుకోవడం. అది కూడా చేతకాలేదు నాకు.

ఆ విదేశీ యాత్రికురాలు వచ్చింది ఆ రెండో చలికాలంలో. ఏ దేశమో రాయను, ఆమె తప్పేమీ లేదు. అరవై దాటిన మనిషి, ఒంటరిగా వచ్చింది. చేతిపని వస్తువులు కొనడమే ఆమె యాత్ర. అయిదు రోజులు వెంట తిరిగాను. కోరాపుట్‌లో చెట్టు వేళ్ళ రంగుతో నేసిన చీరలు కొంది. కుందుర వైపు ఒక సంతలో ఇత్తడి పోత బొమ్మలు కొంది. బేరం నేనే ఆడాను, గెలిచాను, ఆమె చప్పట్లు కొట్టింది. కానీ ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ఒకటే ప్రశ్న అడిగించేది: ఇది ఎవరి కోసం చేశారు? అమ్మేవాళ్ళందరిదీ ఒకటే జవాబు, మీ కోసమే అమ్మా అని. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి ఆమె ముఖం వాడిపోయేది.

కాశీపూర్‌లో టీకి ఆగినప్పుడు నాతో అంది, నా కోసం చేసినవే కొని కొని విసుగొచ్చింది, ఇంకెవరి కోసమో చేసినది ఒక్కటి చూడాలనుంది అని. నేను తలూపాను, నాకు తెలుసులే అన్నట్టు. కొండ మీది ఊళ్ళకు విదేశీయులను పోనివ్వరు. రాయగడలో ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణదారు కొత్త కప్డాగండాలు పది పరిచాడు. ఆమె ఒక్కోటీ తిరగేసి వెనకవైపు కుట్టు చూసి మెల్లగా పక్కన పెట్టేసింది. వెంట వచ్చిన విశాఖపట్నం అతను నా వైపు చూశాడు. మేడమ్‌కు తెలియనిది లేదు కదా. నా ముఖం మాడిపోయింది.

మర్నాడు గురువారం. రైలుకు ఇంకా గంటన్నర ఉంది, కాఫీ తాగుదాం రండి అని ఇంటికి పిలిచాను. బీరువా తీశాను. చూపించడానికే తీశాను, ఇవ్వడానికి కాదు. ఇది నిజమేనా? ఎన్నిసార్లు అడిగి చూసుకున్నానో. చూపించడానికే అయితే ముందురోజు బుధవారమే తీసుకొచ్చి, సుక్రిని అడిగి చూపించొచ్చు కదా. గురువారమే ఎందుకు పిలిచాను? జవాబు నాకు తెలుసు, ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకోలేదు.

ఆమె శాలువాను ముట్టుకోలేదు ముందు. చేతులు తుడుచుకుని తరవాత ముట్టుకుంది. ఎవరి కోసం అని అడిగింది. ఒక పిల్ల, తనకు మనసైనవాడి కోసం, పూర్తికాకుండానే పోయింది అని చెప్పాను. అంతవరకు నిజం. మరి ఇది మీ దగ్గర ఎందుకుంది అంది. తాళం మాత్రమే నాది అని చెప్పడం చిన్నతనంగా తోచింది. ఆ తల్లి నన్ను కూతురనుకుని నాకు ఇచ్చేసింది అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వైపు అంత గౌరవంగా ఎవరూ చూడలేదు ఇదివరకు. ఆ చూపు ఇంకాసేపు ఉండాలనిపించింది. మీరు తీసుకోండి అనేశాను.

ఆమె మూడుసార్లు అడిగింది, నిజంగా ఇవ్వగలరా అని. మూడుసార్లూ అవునన్నాను. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాను. వద్దన్న ఆ గొప్ప కూడా నాకే కావాలి మరి. అప్పుడామె తన ఒంటి మీది బూడిదరంగు ఊలు కోటు విప్పి నాకు తొడిగి, మీరు దుబాసీ కాదు, నా స్నేహితురాలు అంది. విమానంలో సూది ఉంటే ఆపుతారేమో, తీసేయగలరా అని అడిగింది. తీశాను. ఎర్ర దారం పళ్ళతో కొరికి తెంపాను. సూదిని నా దారాల డబ్బాలో వేసుకున్నాను. రైలు కదిలినప్పుడు చెయ్యి ఊపాను.

మంగళవారం దాకా నాకు ఆనందంగానే ఉంది. ఇది కూడా చెప్పాలి. తప్పు చేసిన క్షణం నుంచే కుమిలిపోయానని రాయొచ్చు, మీరు నమ్ముతారు. కానీ కాదు. ఆ కోటు వేసుకుని అద్దంలో చూసుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం పప్పు తాలింపు పెడుతుండగా రేపు బుధవారం అని గుర్తొచ్చింది. దొంగలు పడ్డారని చెబుదామనుకున్నాను. తాళం వేసిన బీరువాలో ఒక్క గుడ్డ ఎత్తుకుపోయిన దొంగ ఎవడు? ఎలుకలు కొట్టేశాయని చెబితే ముక్కలు చూపించమంటుంది. నిజం చెబుదామని ఒక్కసారి అనుకున్నాను. ఒక్కసారే.

బుధవారం ఎండ వాలుతుండగా వచ్చింది. గంప దింపి మెట్టు మీద కూర్చుంది. చలి బాగా ఉంది. నేను ఆ ఊలు కోటులోనే ఉన్నాను.

"బట్ట తియ్యమ్మి, సూసుకుని ఎల్లిపోతాను."

"బట్ట లేదప్పా."

"లేదంటే ఏటి?"

"నీ కూతురు నా కల్లోకొచ్చింది. నా బట్ట నాకిచ్చీ అంది. సలేస్తంది అంది. అందుకే కాల్చి దానికి పంపీసేను."

ఎలా వచ్చింది ఆ మాట? ముందు అనుకున్నది కాదు. కానీ గాల్లోంచి ఊడిపడిందీ కాదు. వాళ్ళు కలలను ఎంత నమ్ముతారో నాకు తెలుసు. వాళ్ళ సంగతులన్నీ తెలిసిన మేడమ్‌ని కదా. ఎక్కడ ఏ మాట పనిచేస్తుందో తెలియడమే నా వృత్తి.

సుక్రి అడిగింది.

"సలేస్తందందా?"

"అవునప్పా."

"ఎప్పట్నించంట?"

ఇక్కడ నేను ఆగి ఉండొచ్చు. అడగలేదప్పా అంటే సరిపోయేది. కానీ అబద్ధం గట్టిగా నిలబడాలనిపించింది. నా నోరు పడిపోను.

"పోయినకాడ్నించీనంట" అన్నాను.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. కూతురు నవ్వు దాచుకున్నట్టే. కాసేపటికి చేతులు తీసి, "మరి సూది?" అంది.

సూది సంగతి నాకు తట్టలేదు. ఇనుము కాలదు కదా. లోపలికి వెళ్ళి దారాల డబ్బాలోంచి తెచ్చి ఇచ్చాను, బూడిదలో దొరికింది అన్నాను. అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది నాకొదిలీసింది. కుట్టి పంపమనే."

అలా అని, భుజాల మీద కప్పుకున్న దుప్పటి విప్పి, మడిచి, గంపలో పెట్టింది. ఉత్త చీరతో ఆ చలిలో కొండెక్కి వెళ్ళింది. మెట్టు మీద నిలబడి చూశాను, ఆ కోటు వేసుకుని.

ఆ రోజు నుంచి సుక్రి చలికాలంలో ఏమీ కప్పుకోదు. కుంపటి దగ్గర కూర్చోదు. దాన్ని రెండేళ్ళు చలిలో నిలబెట్టినదాన్ని, నాకెందుకు వెచ్చదనం అంటుంది. ఊరి పెద్దల దగ్గరికి తనే వెళ్ళి, పోయిన పిల్ల బట్ట దాచుకున్నానని అందరి ముందూ చెప్పుకుంది. వాళ్ళు తిట్టిన తిట్లన్నీ నిలబడి పడింది. ఆమె ఒప్పుకుంది, చూశారా? తనది కాని తప్పును ఊరందరి ఎదుటా. నేను మీ ఎదుట కూడా పేరు దాచుకుంటున్నాను.

పైగా నాకు కృతజ్ఞత. నా పిల్ల మాట నువ్వు విన్నావు, నేను వినలేదు అని, సంతకు తెచ్చిన అనాసకాయల్లో అన్నిటికంటే మంచిది మా మెట్టు మీద పెట్టి వెళ్ళేది. వద్దంటే నొచ్చుకునేది. మావారు ఎంత తియ్యగా ఉందో అంటూ తినేవారు.

కొత్త గుడ్డ కొని కుట్టడం మొదలుపెట్టింది. చూపు మందగించింది, సూదిలో దారం ఎక్కించలేకపోయేది. ప్రతి బుధవారం నా దగ్గరికి సూదులు తెచ్చేది. వారానికి సరిపడా పది పన్నెండు సూదులకు దారం ఎక్కించి ఒక గుడ్డకు గుచ్చి ఇచ్చేదాన్ని. ఆ సూదీ వాటిలోనే ఉండేది. దాని కన్ను కాస్త వంకర, చేతికి తెలిసిపోతుంది.

ఏడాది పట్టింది మొదటి శాలువాకు. కొండ మీద కాల్చేసి, ఆ పై బుధవారం వచ్చి అడిగింది, మళ్ళీ కల్లోకి వచ్చిందా అని. ఇక ఈమెకు అబద్ధం చెప్పకూడదని ఆ ఏడాదిలో ఒట్టు పెట్టుకున్నాను. రాలేదప్పా అన్నాను. నేను ఆమెతో చెప్పిన మొదటి నిజం అదే. దానికి ఆమె ముఖం ఎలా అయిపోయిందో చెప్పలేను. కోపం తగ్గలేదన్నమాట అంది. సంతలోకి వెళ్ళి మళ్ళీ గుడ్డ కొంది.

అబద్ధంతో మొదలైన చోట నిజం కూడా ఇంత క్రూరంగా పనిచేస్తుందని నాకేం తెలుసు? రెండోదీ అయింది, మూడోదీ అయింది. ఆమె కొడుకు కూతురు ఎదిగింది, నాకొకటి కుట్టవే అని అడిగితే ముందు దానికి అనేది. మూడోది కాల్చి వచ్చినప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టాను. వచ్చిందప్పా, ఇప్పుడు వెచ్చగా ఉందంది, ఇక చాలంది అన్నాను. సుక్రి నా ముఖంలోకి చూసింది. ఆ మసక కళ్ళకు ఏం కనిపించిందో.

"నా కోసం అబద్దమాడకమ్మి" అంది.

జాలిగా అంది. నన్ను సముదాయిస్తున్నట్టు అంది. ఆమెను కాల్చుకు తిన్న అబద్ధం పట్టుకోలేకపోయిన మనిషి, ఆమెను బతికించే అబద్ధం ఇట్టే పట్టేసింది. ఆ తరవాత ఇక నాకు దారి లేకుండా పోయింది.

దారి ఉంది. మీరు అనుకుంటున్నారు, నాకు తెలుసు. నిజం చెప్పేయొచ్చు. చెబితే కూతురికి చలి లేదని తెలుస్తుంది. కానీ శాలువా సముద్రాలు దాటి ఎవరింటి గోడ మీదో ఉందని కూడా తెలుస్తుంది. ఇన్నేళ్ళు కప్పుకోకుండా వణికింది, కళ్ళు పోగొట్టుకుని కుట్టింది, ఊరందరితో తిట్లు తిన్నది, అంతా నేను ఒక పరాయి మనిషి ముందు గొప్పగా కనిపించడానికని తెలుస్తుంది. ఆమె తట్టుకోలేదని చెప్పకుండా ఉన్నానా? అలా అనుకుంటే నాకు కాస్త ఊపిరాడుతుంది గనక అనుకుంటాను. అసలు సంగతి ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని. ఆ విదేశీ మనిషి చూపు కోసం శాలువా ఇచ్చాను. ఈమె చూపు కోసం నోరు మూసుకున్నాను. నాది ఎప్పుడూ ఒకటే జబ్బు.

ఊలు కోటు బీరువా అడుగున ఉంది. ఒకసారి సుక్రికి తొడగబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. ఊలు మెత్తగా ఉందని మెచ్చుకుని, నువ్వే వేసుకో అమ్మి, నీకు సలి ఆగదు అంది.

ఇప్పుడు కుట్టేది ఆరోది. ఈ చలికాలం దగ్గు పట్టుకుంది, కొండ దిగడానికే అరపూట పడుతోంది. ఆస్పత్రికి పద, నేను తీసుకెళ్తాను అంటే వినదు. పోయిన బుధవారం సూదులు తీసుకుంటూ అంది, ఇది కాల్చను, ఇది పట్టుకుని నేనే పోతాను అని.

"నా సేత్తో కప్పి దాన్నే అడుగుతాను, ఇంకా సలేస్తందా అని."

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. పోయినవాళ్ళు ఎక్కడో ఉంటారని నేను నమ్మను. నమ్మనా? నమ్మకపోతే ఎందుకీ భయం? సుక్రి ఆ శాలువా పట్టుకుని వెళ్తుంది. కూతురి భుజాల మీద కప్పుతుంది. ఇంకా చలేస్తోందా అని అడుగుతుంది. ఆ పిల్ల వాళ్ళమ్మ ముఖంలోకి చూసి, నాకెప్పుడు చలేసిందమ్మా, నేనెవరి కల్లోకీ వెళ్ళలేదే అంటుంది.

ఆ పిల్ల చెప్పకముందే నేను చెబుతున్నాను. చెప్పాల్సినవాళ్ళకు కాదు, మీకు. అయినా చెబుతున్నాను. మళ్ళీ రాలేదు అని కాదు, ఆ పిల్ల నా కలలోకి ఎప్పుడూ రాలేదు. చలేస్తోందని అనలేదు. బట్ట అడగలేదు. వాళ్ళమ్మ మీద కోపం లేదు. ఆ మాటలన్నీ నావి.

రాశాను. ఇన్నేళ్ళకు ఒక్కచోట రాశాను. రేపు బుధవారం. నా డబ్బాలోని పన్నెండు సూదులకు ముందే దారం ఎక్కించి పెట్టాను.